దృష్టి దూరం

రంగరాయపేట పురపాలక సంఘానికి కమిషనర్లు వస్తుంటారు, పోతుంటారు. మేనేజరు భావనారాయణ మాత్రం ఉంటాడు. ఉత్తర్వులు రాయడం ఆయన పని. ఏ కమిషనరు నోటినుంచి ఏ ముక్క రాలినా దాన్ని ఏరుకుని, దులిపి, "ఇందుమూలముగా"తో మొదలెట్టి "వలెను"తో ముగించి, చదివినవాడికి భయమూ చదవనివాడికి గౌరవమూ కలిగేలా తీర్చిదిద్దడంలో ఆ చుట్టుపక్కల పట్టణాల్లో ఆయనకు సాటి లేదు. కుక్కలకు లైసెన్సులు పెట్టినప్పుడు ఆయన వాడిన "శునక స్వాములు" అన్న మాట చూసి పొరుగు మునిసిపాలిటీలవాళ్ళు ఇప్పటికీ కుళ్ళుకుంటారు. తను రాసింది నిజమా కాదా అన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు. అది పైవాళ్ళు చూసుకోవలసిన సంగతి.

ఆ ఏడు వానలు పడి, రోడ్ల మీద నీళ్ళు ఇంకకముందే ఊళ్ళో కళ్ళకలక మొదలైంది. ముందు బళ్ళో పిల్లలకి, తర్వాత వాళ్ళ తల్లులకి, ఆ తర్వాత బజారంతా. పొద్దున్నే లేస్తే రెప్పలు అంటుకుపోయి తడిపితే గాని విడివడవు. కంట్లో ఇసక పోసినట్టు గరగర. ఎవరిని కదిలించినా చింతనిప్పుల్లాంటి కళ్ళు, ధారగా నీళ్ళు.

కొత్త కమిషనరు అనంత విక్రమ్ గారు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. రాజధాని నుంచి ప్రతి వారం వీడియోలో జరిగే సమీక్షలో "మీ పట్టణంలో కొత్తగా ఏం చేశారు?" అని అడుగుతారు. పక్క ఊరి కమిషనరు చెత్తబండికి నాదస్వరం పెట్టించి మెప్పు కొట్టేశాడు. అప్పటినుంచి విక్రమ్ గారికి అన్నం సయించడం లేదు. అలాంటి సమయంలో ఊళ్ళోకి కళ్ళకలక వచ్చేసరికి ఆయన ముఖం వికసించింది. అత్యవసర సమావేశం పెట్టించాడు.

మునిసిపల్ ఆసుపత్రి కంటి డాక్టరు హైమవతి నేరుగా ఓపీ నుంచి వచ్చి కూర్చుంది. బయట ఇంకా రోగులు బారులు తీరి ఉన్నారు. అందుకని ఆవిడ ఉపోద్ఘాతాలు పెట్టుకోలేదు.

"తెల్లగుడ్డు మీద పల్చటి పొర ఉంటుంది సార్. అది వాస్తే కళ్ళకలక. ఇప్పుడు ఊళ్ళో తిరుగుతున్నది వైరస్ వల్ల వచ్చేది. కన్ను నలుపుకున్న చెయ్యి ఎక్కడ పెడితే అక్కడ అంటుకుంటుంది. తువ్వాలు, దిండు, తలుపు గొళ్ళెం, కళ్ళజోడు... అంతే. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఒకరి గుడ్డ ఇంకొకరు వాడకూడదు, ఎవరి ఇంట్లో వాళ్ళు కాస్త విశ్రాంతిగా ఉండాలి. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది."

విక్రమ్ గారు చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు.

"మేడమ్, చేతులు కడుక్కోమని మా బామ్మ కూడా చెప్పేది."

"మీ బామ్మగారు సరిగ్గానే చెప్పారు సార్."

"అది కాదండీ. అందులో ఇన్నోవేషన్ ఏదీ? రేపు సమీక్షలో నేను నించుని 'మా ఊళ్ళో చేతులు కడుక్కుంటున్నాం' అని చెప్పమంటారా? మొన్నటిదాకా కడుక్కోవట్లేదా అంటారు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అలాంటి నిశ్శబ్దాలు పూడ్చడం మేనేజర్ల ధర్మం. భావనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళకలక ఉన్నవాడి కళ్ళలోకి చూస్తే వస్తుందని ఊళ్ళో అనుకుంటారు సార్. కాబట్టి, దృష్టికీ దృష్టికీ మధ్య కొంత దూరం... 'దృష్టి దూరం' అని..."

ఆయనకు ఆ క్షణంలో ఉన్నది రెండు దకారాల మీద ముచ్చట. అంతకుమించి ఏమీ లేదు. కానీ విక్రమ్ గారు కుర్చీలోంచి లేచి నించున్నాడు.

"దృష్టి దూరం! అదీ! అదీ కావలసింది!"

"చూస్తే రాదండీ," అంది హైమవతి. "చూస్తే వచ్చేదైతే రోజూ వందలమంది కళ్ళలోకి చూస్తున్నాను, నాకెందుకు రాలేదు?"

"మీరు వైద్యులు మేడమ్, మీకు అలవాటైపోయింది," అన్నాడు విక్రమ్ గారు గౌరవంగా. సమావేశం ముగిసింది.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా సమస్త పురజనులకు తెలియజేయునది ఏమనగా: పట్టణ పరిధిలో ఏ వ్యక్తియు మరియొక వ్యక్తి నేత్రములలోనికి నేరుగా గాని, ఓరగా గాని, అనాలోచితముగా గాని చూడరాదు. సంభాషించునపుడు ఎదుటివారి భుజమును, భుజము లేనిచో గోడను చూడవలెను. కార్యాలయమునకు వచ్చువారు విధిగా నల్ల కళ్ళజోడు ధరింపవలెను."

"భుజము లేనిచో" అన్న చోట భావనారాయణ పెన్ను కాసేపు ఆగింది. ఎవరికి భుజం ఉండదు? అయినా ఉత్తర్వు అన్నాక అన్ని అవకాశాలకూ తావుండాలని ఉంచేశాడు.

ఉత్తర్వుని అందరికంటే ముందు ఆనందంగా అమలు చేసింది పన్నుల విభాగం. వచ్చినవాడి ముఖం చూడకుండా మాట్లాడడం అక్కడ కొత్తేమీ కాదు. ఇన్నాళ్ళూ దాన్ని పొగరు అన్నారు, ఇప్పుడు ప్రజారోగ్యం అన్నారు. ఇంజనీరింగు విభాగం ఇంకో అడుగు ముందుకేసి, రోడ్లలో గుంతలున్నాయని వచ్చినవాళ్ళకి వీపు చూపించి కూర్చుంది. బళ్ళో మాస్టార్లు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పారు. పిల్లలు వెనకనుంచి ఏం చేశారో ఎవరికీ తెలియదు గనక క్రమశిక్షణ బాగా పెరిగినట్టు నివేదిక వెళ్ళింది.

నల్ల కళ్ళజోడు లేనివాళ్ళ కోసం, ఉత్తర్వు చివర రాసినట్టే, కార్యాలయం గేటు దగ్గర పెద్ద వెదురుబుట్ట పెట్టారు. దాన్నిండా నల్ల కళ్ళజోళ్ళు. లోపలికి వెళ్ళేవాడు ఒకటి తీసుకుని పెట్టుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు బుట్టలో వేసిపోవాలి. అటెండరు సింహాచలం స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి కళ్ళజోడునీ భుజం మీద తువ్వాలుతో తళతళలాడేలా తుడిచి, వెంటనే తర్వాతివాడి చేతికిచ్చేవాడు. అదే తువ్వాలుతో మధ్యమధ్య తన కళ్ళూ తుడుచుకునేవాడు. కంట్లోంచి ఒకటే నీళ్ళు కారుతున్నాయి పాపం.

హైమవతి ఒకరోజు అటుగా వచ్చి ఆ బుట్ట చూసి నిలబడిపోయింది. తిన్నగా భావనారాయణ గదిలోకి వచ్చింది.

"మేనేజరు గారూ, ఆ బుట్ట ఎత్తించెయ్యండి. కళ్ళకలకని ఇంతకంటే సులువుగా పంచిపెట్టే పద్ధతి నాకు తెలియదు. ఒకరి రెప్పల తడి ఇంకొకరి రెప్పలకి రాస్తున్నారు."

"మీరు నా కళ్ళలోకి చూస్తున్నారండీ," అన్నాడు భావనారాయణ ఇబ్బందిగా గోడవైపు తిరుగుతూ.

"చూడకుండా ఎలా చెప్పమంటారు?"

"ఉత్తర్వులో బుట్ట ఉంది డాక్టరు గారూ. బుట్ట తీయాలంటే సవరణ ఉత్తర్వు కావాలి. సవరణ అంటే ముందుది తప్పని ఒప్పుకున్నట్టు. ఆయన ఒప్పుకోరు."

"మీరు?"

"నేను మేనేజర్నండీ," అన్నాడాయన. ఆ సమాధానం సరిపోతుందని నిజంగానే అనుకున్నాడు.

వారం తిరక్కుండా ఊళ్ళో కళ్ళకలక రెట్టింపైంది. విక్రమ్ గారు ఆ సంగతి విని బల్ల గుద్దాడు.

"చూశారా? జనం దొంగతనంగా చూసుకుంటున్నారు!"

దాంతో చూపుల దళాలు ఏర్పడ్డాయి. దళానికి ఇద్దరు చొప్పున వీధుల్లో తిరిగి, ఎవరు ఎవరి కళ్ళలోకి చూస్తున్నారో పట్టుకోవాలి. మొదటిరోజే చిక్కొచ్చింది. బజార్లో గాజుల కొట్టువాడు ఒక ఆవిడ కళ్ళలోకి చూశాడని పట్టుకుంటే, వాడు దళం సభ్యుణ్ణి నిలదీశాడు.

"నేను ఆవిడ కళ్ళలోకి చూశానని నీకెలా తెలుసయ్యా? నువ్వు నా కళ్ళలోకి చూస్తేనే గదా?"

ఆ సాయంత్రానికి దళంవాళ్ళందరూ దళంవాళ్ళ మీద కేసులు రాసుకున్నారు. స్పష్టత కోరుతూ ఫైలు భావనారాయణ బల్ల మీదికి వచ్చింది. ఆయన ఒక పూటంతా తలుపు వేసుకుని కూర్చుని ఇలా రాశాడు: "దళ సభ్యులు ఒక్కొక్క చేతి అద్దమును ధరించి, అపరాధికి వీపు చూపి, అద్దములో పరిశీలింపవలెను. అద్దములో కనబడునది నేత్రము కాదు, నేత్ర ప్రతిబింబము. ప్రతిబింబమునకు రోగము లేదు." విక్రమ్ గారు ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివించుకుని, "ఎలా వస్తాయండీ మీకిలాంటివి?" అన్నాడు. భావనారాయణ ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాటినుంచి రంగరాయపేట వీధుల్లో ఖాకీ చొక్కాలవాళ్ళు అద్దాలు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ కనిపించారు. ఇద్దరు మురిక్కాలవలో పడ్డారు. వాళ్ళను విధి నిర్వహణలో గాయపడినవారిగా గుర్తించారు.

అంతటితో ఆగలేదు. ఎర్రకన్ను ఉన్నవాడెవడూ కార్యాలయం గడప తొక్కకూడదన్న నిబంధన ఒకటి వచ్చింది. ఎర్రగా ఉన్న కన్నల్లా కళ్ళకలకే అని తీర్మానం. కారంమిల్లులో పనిచేసే ఆదిలక్ష్మికి దుమ్ము పడక కళ్ళు దురదపెట్టి ఎర్రబడతాయి. అది ఎవరికీ అంటదని డాక్టరు చీటీ రాసిచ్చినా ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. దగ్గి దగ్గి కంట్లో చిన్న రక్తనాళం చిట్లిన ముసలాయన్నీ ఆపేశారు. నొప్పి లేదు, కలక లేదు, దానంతటదే కరిగిపోయే ఎర్రమచ్చ అది. మరోవైపు నిండా కలక ఉండి నల్ల కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు దర్జాగా లోపలికి వెళ్ళి, పని చూసుకుని, కళ్ళజోడు బుట్టలో వేసి వెళ్ళారు.

అందరికంటే ముఖ్యంగా పోలయ్య సంగతి చెప్పుకోవాలి. సముద్రం మీద వలలు లాగి లాగి, ఎండకీ ఉప్పుగాలికీ ఆయన కుడికంట్లో కండ పెరిగింది. తెల్లగుడ్డు మీదనుంచి నల్లగుడ్డు మీదికి చిన్న రెక్కలా పాకింది. పింఛను కోసం బతికే ఉన్నానని అధికారికి కనిపించాలి.

"కన్ను ఎర్రగా ఉంది. పో," అన్నాడు సింహాచలం.

"ఇది కలక కాదు బాబూ. కండ. నా పెళ్ళినాటికే ఉంది. అప్పుడు పిల్లనిచ్చినోళ్ళకే అడ్డురాలేదు గదా."

"అప్పుడు ఉత్తర్వు లేదు."

కేకలు విని భావనారాయణ వరండాలోకి వచ్చాడు. పింఛను అధికారి పోలయ్యను చూడకూడదు. చూడకపోతే పోలయ్య బతికి ఉన్నట్టు కాదు. భావనారాయణకు ఇలాంటి ముడులంటే మహా ఇష్టం. అధికారిని కిటికీ లోపల, పోలయ్యను గోడ బయట నిలబెట్టించాడు.

"పోలయ్యా, ఉన్నావా?" అని లోపలినుంచి అరిచాడు అధికారి.

"ఉన్నాను బాబూ!"

"గట్టిగా చెప్పు!"

"ఉన్నానండీ బాబూ! ఎండలో ఉన్నాను!"

కాగితం మీద "సదరు వ్యక్తి జీవించియున్నట్లు వినబడినది" అని రాశారు. పోలయ్య పింఛను నిలబడింది. తను ఒక పేదవాడికి సాయం చేశానని భావనారాయణకు చాలా తృప్తిగా అనిపించింది.

ఇలా ఉండగా ఆయన ఇంట్లోనే పెళ్ళిచూపులు వచ్చిపడ్డాయి.

కూతురు వకుళ పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తుంది. ఎలక మీసాలు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించేంత సన్నటి గీత ఆమెది. తెనాలివైపునుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నిరంజన్ పశువుల డాక్టరు. వాళ్ళు బయల్దేరుతున్నామని ఫోను చేశాక భావనారాయణ భార్యను పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"కనకం, ఇంట్లో జరిగే కార్యాలకు కూడా ఉత్తర్వు వర్తిస్తుంది. నేనే రాశాను. నేనే తప్పితే ఊళ్ళో ఎంత మాట!"

"పెళ్ళిచూపుల్లో చూపులు తీసేస్తే ఇంక మిగిలేది పెళ్ళి. అది కూడా తీసేస్తారా?" అంది కనకరత్నం.

"పెళ్ళిమాటలు అనుకుందాం."

వచ్చేవాళ్ళకి లోటు రాకూడదని ఆయన స్వయంగా కార్యాలయానికి వెళ్ళి, బుట్టలోంచి గీతలు పడని కళ్ళజోళ్ళు ఏరి తెచ్చాడు. సింహాచలం వాటిని ప్రత్యేకంగా రెండేసిసార్లు తుడిచి ఇచ్చాడు.

హాల్లో కుర్చీలన్నీ ఒకే గోడవైపు తిప్పి వేశారు. పెళ్ళికొడుకు, అతని తల్లి, మేనమామ, పెళ్ళికూతురు, పిన్ని, అందరూ నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుని సినిమా హాల్లో ఉన్నట్టు వరసగా కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద క్యాలెండరు ఉంది. మేనమామ జీడిపప్పు పాకం అనుకుని తాంబూలంలో వక్క కొరికాడు.

"మీ గొంతు చాలా బావుందండీ," అన్నాడు నిరంజన్ క్యాలెండరుతో.

"అది మా పిన్నండీ," అంది వకుళ ఇటుపక్కనుంచి.

నిరంజన్‌కి నవ్వాగలేదు. వకుళకీ ఆగలేదు. ఆ నవ్వులు రెండూ బాగా కలిశాయని కనకరత్నం తర్వాత చెప్పింది.

వాళ్ళు వెళ్ళిన మూడోనాడు వకుళ పొద్దున లేచేసరికి రెప్పలు విడలేదు.

"ఎవర్ని చూశావమ్మా?" అని అడిగాడు భావనారాయణ కంగారుగా.

"ఎవర్నీ చూడలేదు నాన్నా. గోడని చూశాను. నువ్వూ అక్కడే ఉన్నావు కదా."

ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. మేనేజరు కూతురికి కళ్ళకలక అంటే ఉత్తర్వుకే మచ్చ. సందు చివర మందుల షాపులో "తొందరగా ఎర్రదనం పోయేది" అడిగి చుక్కలమందు తెచ్చాడు. మందు వేసిన సాయంత్రానికే కళ్ళు తెల్లబడ్డాయి. ఆయన సంతోషించి, తగ్గాక కూడా వేస్తూనే ఉన్నాడు. కొన్నాళ్ళకి వకుళకు వెలుగు చూస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టైంది. కాగితం ముందు కూర్చుంటే ఎలక మీసాలన్నీ కలిసిపోయి మసక గీతలా కనిపించాయి. ఆమె పెన్సిలు పక్కన పెట్టి అమ్మని పిలిచింది. కనకరత్నం భర్తను అడక్కుండా ఆటో ఎక్కించి హైమవతి దగ్గరికి తీసుకెళ్ళింది. భావనారాయణ వెనక పరిగెత్తాడు.

డాక్టరు యంత్రంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత చుక్కలమందు సీసా చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎవరిచ్చారు?"

"షాపువాడండీ. ఎర్రదనం వెంటనే పోయింది."

"పోతుంది. ఇది స్టెరాయిడ్. ఎర్రదనాన్ని దాచేసి లోపల రోగానికి బలం ఇస్తుంది. ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో మేం చూసి చెప్పాలి. నల్లగుడ్డు మీద చిన్నచిన్న మచ్చలు వచ్చాయి."

"చూపు..." అన్నాడు భావనారాయణ.

"ఇప్పుడే ఏమీ చెప్పను. తగ్గడానికే ఎక్కువ అవకాశం ఉంది. కానీ టైము పడుతుంది, నేను చెప్పినట్టు వినాలి. ఇంట్లో ఈ అమ్మాయి తువ్వాలు, దిండు ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదండీ," అంది కనకరత్నం. "మా ఇంట్లో ఎవరికీ లేదు కూడాను. పెళ్ళిచూపులకి ఈయన ఆఫీసునుంచి కళ్ళజోళ్ళు తెచ్చారు. అంతకుమించి బయటి వస్తువేదీ రాలేదు."

హైమవతి భావనారాయణవైపు తిరిగింది. అనవలసిందంతా ఆవిడ ఆ రోజు ఆయన గదిలోనే అనేసింది. ఆయన గోడవైపు తిరగబోయి ఆగిపోయాడు.

ఆ సాయంత్రం వకుళ కిటికీలు మూసిన గదిలో కళ్ళు మూసుకుని పడుకుంది. ఆయన మంచం పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, చూస్తే వస్తుందని నువ్వు నిజంగా అనుకున్నావా?"

ఆయనకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు.

"అనుకోలేదమ్మా. మాట బాగా కుదిరిందని రాశాను."

"అంతేనా?"

"అంతే."

వకుళ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బావుండునని ఆయనకు అనిపించింది.

మర్నాడు ఆయన కమిషనరు గదిలోకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి ఏ ఫైలూ చేతిలో లేకుండా నించున్నాడు.

"ఉత్తర్వు తప్పు సార్. బుట్ట వల్లే వస్తోంది. ఎత్తించేద్దాం."

విక్రమ్ గారు జాలిగా చూశాడు. నేరుగా కాదు, భుజంవైపు.

"మేనేజరు గారూ, మీరు అలసిపోయారు. దృష్టి దూరాన్ని రాష్ట్రస్థాయి పురస్కారానికి పంపించాం. పంపించాక తప్పెలా అవుతుంది? కావాలంటే ఇంకా కొత్తది ఏదైనా చేర్చండి. తీసెయ్యడం మాత్రం కుదరదు."

భావనారాయణ తన కుర్చీలోకొచ్చి కూర్చున్నాడు. తీసెయ్యడం కుదరదు, చేర్చవచ్చు. ఆ రెండు ముక్కల మధ్య ఉన్న సందు ఎంతో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? కాగితం ముందుకు లాక్కున్నాడు.

"దృష్టి దూరం: రెండవ దశ. నేత్రమునుండి వెలువడిన చూపు గాలిలో నిలువజాలక వస్తువులపై వాలి, అచ్చటనుండి కరములకు అంటుకొనునని గుర్తించడమైనది. కావున ప్రతివారు తమ కరములకు అంటిన చూపును సబ్బుతో మాటిమాటికి కడిగివేయవలెను. ఒకరి చూపు అంటిన తువ్వాలును, దిండును మరియొకరు వాడరాదు. కార్యాలయపు కళ్ళజోళ్ళపై చూపులు మిక్కిలి పేరుకుపోయినందున వాటికి శాశ్వత విశ్రాంతి కల్పించడమైనది. కండ్లలో వేయు మందు వైద్యుల నోట వినిన పిదపనే వేసికొనవలెను. కలక సోకినవారు తమ చూపును ఇంటివద్దనే ఉంచుకొనవలెను."

సంతకానికి పంపేముందు ఆయన దాన్ని హైమవతికి చూపించాడు. ఆవిడ నిలబడే చదివింది.

"ఇందులో ఒక్క కారణం కూడా నిజం కాదు."

"కాదండీ. చెయ్యవలసిన పనులు మాత్రం నిజమే కదా."

ఆవిడ ఆ కాగితాన్ని ఇంకోసారి చదివింది. ఆవిడకి అది నచ్చలేదని ముఖంలోనే తెలుస్తోంది. బయట వరండాలో బెంచీలు నిండిపోయి జనం నేలమీద కూర్చుని ఉన్నారు. అటు చూసి కాగితం వెనక్కిచ్చేసింది.

"సబ్బులు ఎప్పుడొస్తాయి?" అంది.

విక్రమ్ గారికి రెండవ దశ మొదటిదానికంటే నచ్చింది. "చూపు వాలుతుంది! అబ్బ!" అని మురిసిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఊరంతా కుళాయిల దగ్గర సబ్బులు వేలాడదీశారు. బుట్టకి దండ వేసి, ఫొటో తీసి, గోదాంలో పెట్టి తాళం వేశారు. సింహాచలానికి సెలవిచ్చి ఇంటికి పంపారు. ఆయన తువ్వాలును ఆయన భార్య సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టింది. జనం తమ చూపుల్ని ఇంట్లోనే ఉంచుకుని, చేతులకు అంటినవి కడిగేసుకున్నారు. కళ్ళకలక మెల్లగా తగ్గుముఖం పట్టింది.

వకుళ కళ్ళలో మచ్చలు కూడా పల్చబడ్డాయి. పూర్తిగా పోలేదు, పోతాయని డాక్టరు చెప్పింది. ఒకరోజు ఆమె ఎలకకి మీసాలు గీసి తండ్రికి చూపించింది. ఒక మీసం కొంచెం వంకరగా ఉంది. ఆయన అది చూసి లోపలికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు.

నిరంజన్ మళ్ళీ వచ్చాడు. అతనికీ కళ్ళకలక వచ్చి తగ్గిందట. పశువుల డాక్టరు గనక ఊరికే ఉండి, చేతులు కడుక్కుంటూ కూర్చున్నాడట. ఈసారి కుర్చీలు ఎదురెదురుగా వేశారు. కనకరత్నం వీధి తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎంతసేపు చూసుకున్నారంటే, ఉత్తర్వు ప్రకారం అయితే ఇద్దరినీ దేశబహిష్కారం చెయ్యాలి. భావనారాయణ మాత్రం కిక్కురుమనలేదు.

పురస్కారం వచ్చింది. కలక తగ్గింది గనక దృష్టి దూరం పనిచేసిందని రుజువైంది. రాష్ట్రంలోని పట్టణాలన్నీ దాన్ని అనుసరించాలని నిర్ణయించి, కమిషనర్లందరికీ రంగరాయపేట టౌన్‌హాల్లో శిక్షణ పెట్టారు. రాజధాని నుంచి డైరెక్టరు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. దీపం వెలిగించాక, ఉత్తర్వు రచయితగా భావనారాయణను మాట్లాడమన్నారు.

ఆయన ముందురోజంతా అనుకుని ఒక నిశ్చయానికి వచ్చాడు. మైకు ముందు నించుని, ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూస్తూ మామూలు తెలుగులో చెప్పాడు.

"చూస్తే కళ్ళకలక రాదండీ. ఆ మాట నేనే కల్పించి రాశాను. మీ ఊళ్ళో కళ్ళజోళ్ళ బుట్ట పెట్టకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ తువ్వాలు ఇంకొకరికి ఇవ్వకండి. డాక్టరు చెప్పకుండా కంట్లో మందు వేసుకోకండి. మా అమ్మాయికి నేను వేశాను. అంతేనండీ."

హాల్లో ఒక్కరూ పెన్ను కదపలేదు. ఎక్కడా "వలెను" రాకపోవడంతో రాసుకోవలసిన భాగం ఇంకా మొదలవలేదనుకున్నారు. ముందు వరసలోంచి ఒక కమిషనరు చెయ్యెత్తాడు.

"ఇది అధికారికంగా చెబుతున్నారా, మామూలుగా చెబుతున్నారా?"

"నిజంగా చెబుతున్నానండీ," అన్నాడు భావనారాయణ.

ఆ మూడో రకం ఉంటుందని ఎవరూ వినలేదు. అందరూ ఒకరి భుజాలవైపు ఒకరు చూసుకున్నారు. విక్రమ్ గారు చటుక్కున లేచి మైకు అందుకున్నాడు.

"మా మేనేజరు గారి వినయం అలాంటిది! కార్యక్రమం ప్రారంభించే పద్ధతిని వారు తమ శైలిలో వివరించారు. ఇప్పుడు డైరెక్టరు గారు స్వహస్తాలతో... స్వహస్తాలు కడుక్కుంటారు!"

పరుగు పరుగున వెండి పళ్ళెం, చెంబు, సబ్బు వచ్చాయి. డైరెక్టరు గారు కెమెరాల వైపు తిరిగి చేతులు కడుక్కున్నారు. హాలంతా చప్పట్లు. జరీ అంచు తువ్వాలు అందించారు. ఆయన చేతులు తుడుచుకుని, నల్ల కళ్ళజోడు పైకెత్తి, కారుతున్న కళ్ళు కూడా ఒత్తుకుని, తువ్వాలును ఆప్యాయంగా పక్కనున్న జాయింటు డైరెక్టరు గారికి అందించారు. ఆయన కళ్ళకద్దుకుని తర్వాతివారికిచ్చాడు. అది అలా వేదిక మీద ఒక్కొక్కరి చేతిలోంచి భావనారాయణ దాకా వచ్చింది.

"తీసుకోండి, మొహమాటం దేనికి?" అన్నారు డైరెక్టరు గారు.

భావనారాయణ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఎంత అహంకారం అనుకున్నారందరూ.

పది రోజులు తిరిగేసరికి రాజధాని నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. "ప్రతి సమావేశమునకు ముందు ముఖ్య అతిథి మాత్రము చేతులు కడుగుకొనవలెను. తక్కినవారు కరతాళ ధ్వనులు చేయవలెను. అనంతరము ఒకే తువ్వాలును వేదికపైనున్న పెద్దలందరికీ హోదా ప్రకారము అందజేయవలెను."

ఆ తువ్వాలు మునిసిపల్ ఇంజనీరుకు ముందు అందాలా, ఆరోగ్యాధికారికి ముందు అందాలా అని స్పష్టత కోరుతూ అన్ని పట్టణాలనుంచీ రంగరాయపేటకు వరసగా ఉత్తరాలు వచ్చాయి. భావనారాయణ ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఎవరికీ అందనక్కర్లేదని చెప్పబోయాడు. ఏ ఊరికి చేసినా కమిషనరు గారు సెలవులో ఉన్నారనే చెప్పారు. కళ్ళు బాగాలేవట.